నల్లరేగడితో గోడ: గుంటూరు గోరంట్లలో మట్టిగది డైరీ

జనవరి 19

వాకిట్లో సంక్రాంతి ముగ్గులు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. దొడ్డి మూలన ఉన్న సిమెంటు రేకుల షెడ్డు ఇవాళ విప్పేశాం. అమ్మ కుట్టు మిషన్ పదకొండేళ్ళుగా అందులోనే ఉండేది. మే నెలలో మధ్యాహ్నం రెండు దాటితే లోపల కూర్చోలేక మిషన్ మూసేసి వచ్చేసేది. పోయిన వేసవిలో ఒకరోజు కళ్ళు తిరిగి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈ గది ఆలోచన ఆరోజే పుట్టింది.

గది లోపలి కొలత 10 అడుగులకి 12. గోడ మందం 14 అంగుళాలు, ఎత్తు 8 అడుగులు. కాల్చిన ఇటుక లేదు, గోడలో సిమెంటు లేదు. మట్టి, ఇసుక, గడ్డి, అంతే. మట్టి కూడా మా దొడ్లో తవ్విందే వాడాలని నా పట్టుదల. పునాదికి తవ్వితే ఎలాగూ 290 ఘనపుటడుగుల మట్టి బయటికొస్తుంది. దాన్ని డబ్బులిచ్చి ట్రాక్టర్లో పారబోయించి, మళ్ళీ డబ్బులిచ్చి ఇంకో మట్టి తోలించుకోవడం నాకు నచ్చలేదు.

ఈ మాట చెబితే అందరూ తల అడ్డంగా ఊపారు. మా నేల నల్లరేగడి. పత్తికి, మిరపకి ఇంతకు మించిన నేల లేదు. గోడకి మాత్రం పనికిరాదని పేరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి మట్టి గోడలు పెట్టిన ఒక పెద్దాయన పక్క ఊళ్ళో ఉన్నాడని తెలిసి పిలిపించాం. డెబ్బై దాటాయి. గుప్పెడు మట్టి తీసుకుని నలిపి, "ఇది పెడితే ఎండాకాలానికి చెయ్యి దూరేంత నెర్రెలు తీసుద్ది బాబూ, ఎర్రమట్టి తోలించుకో" అన్నాడు. "ఏం కలిపితే తియ్యకుండా ఉంటది తాతా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "కలిపి చూడాల్సిందే" అన్నాడు. రేపటి నుంచి అదే పని.

జనవరి 31

పన్నెండు రోజులు పరీక్షలతోనే గడిచాయి. ఇవి చేయకుండా గోడ మొదలుపెట్టి ఉంటే అంతా పడగొట్టుకునేవాళ్ళం.

మొదటిది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టాలి. ఇసుక నిమిషంలోపే అడుగుకి చేరుతుంది. ఒండ్రు దాని మీద కూర్చుంటుంది. బంకమట్టి అన్నిటికన్నా ఆఖరున దిగుతుంది. మా సీసాలో నీళ్ళు మూడో రోజుకి గానీ తేటపడలేదు. ఇసుక పొర వేలెడు కూడా లేదు. అయితే ఈ పరీక్షని నల్లమట్టి విషయంలో పూర్తిగా నమ్మకూడదు. ఈ బంక నీళ్ళలో ఉబ్బి కూర్చుంటుంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఉబ్బడానికి కారణం అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం. అది సన్నటి పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకి నీళ్ళు చేరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో మన చేలల్లో కాలు దిగబడేంత నెర్రెలు పడేది దీనివల్లే. గోడలో పెట్టినా దాని గుణం మారదు. అందుకని దాన్ని జిగురుగా మాత్రమే వాడుకుని, గోడ బరువంతా ఇసుక మొయ్యాలి.

ఎంత ఇసుక అన్నది తేల్చడానికి చెక్కతో 60 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 లోతు ఉన్న పెట్టెలు చేయించాను. తడి మట్టి నింపి నీడలో ఆరబెట్టి, ఆరాక ఎంత కుంచించుకుపోయిందో కొలవాలి. ఉత్త నల్లమట్టి 7 సెంటీమీటర్లు తగ్గి, నాలుగు ముక్కలై పోయింది. సగానికి సగం కృష్ణ ఇసుక కలిపితే మూడున్నర. నల్లమట్టి 2 తట్టలు, ఇసుక 3 తట్టలు, పేరేచర్ల వైపు నుంచి వచ్చిన ఎర్ర గ్రావెల్ జల్లించింది 1 తట్ట కలిపితే ఒకటిన్నర. అదే పాళ్ళలో జానెడు వరిగడ్డి ముక్కలు వేసి తొక్కి నింపితే 9 మిల్లీమీటర్లు. పైకి ఒక్క నెర్రె లేదు. దగ్గరగా చూస్తే వెంట్రుకంత గీతలు చాలా ఉన్నాయి, లోతుకి పోలేదు.

గడ్డి చేసే పని ఏమిటో ఆ పెట్టె చూశాకే నాకు అర్థమైంది. అప్పటిదాకా కాంక్రీటులో ఇనుపకడ్డీలా బలం ఇస్తుందేమో అనుకున్నాను. అది చేసేది వేరు. మట్టి ఎండుతూ ముడుచుకునేటప్పుడు ఒకే చోట తెగాల్సింది వందచోట్ల కొంచెం కొంచెం తెగేలా చేస్తుంది. లోపలి తడి బయటికి రావడానికి సన్నటి దారులు కూడా ఇస్తుంది. మరీ ఎక్కువ వేస్తే మాత్రం ప్రతి పరకకీ మట్టి అంటదు, ముద్ద తేలిపోతుంది. బరువు లెక్కన టన్ను మట్టికి 15 నుంచి 20 కిలోల గడ్డి చాలింది.

పెద్దాయన ఈ పెట్టెల్ని ఓపిగ్గా చూశాడు కానీ ఆయన పద్ధతి ఇంకోటి. మట్టిని నిమ్మకాయంత ముద్ద చేసి నడుమెత్తు నుంచి కింద పడేస్తాడు. చితికి పరుచుకుంటే నీళ్ళెక్కువ. పగిలి చెదిరితే బంక తక్కువ. కొంచెం అణిగి ముద్దగానే ఉంటే సరిపోయినట్టు. 2:3:1 ముద్ద పడేసి చూసి, "ఇది పెట్టొచ్చు" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఫిబ్రవరి 9

పునాది. ఇక్కడ నేను దేనికీ రాజీపడలేదు. గోడలోని నల్లమట్టిని మనం మార్చుకున్నాం, కింద ఉన్న నేలని మార్చలేం. ప్రతి వానాకాలం అది లేస్తుంది, ప్రతి వేసవికి దిగుతుంది. మూడడుగుల లోతు, రెండడుగుల వెడల్పు కందకం తవ్వి, ఉబ్బని ఎర్ర గ్రావెల్ అరడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాం. దాని మీద రాతి కట్టడం, నేలపైకి రెండడుగులు.

రెండడుగుల రాయి ఎందుకని అన్నయ్య అడిగాడు. సమాధానం పెద్దాయన చెప్పాడు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన రేపల్లె వైపు కూలికి వెళ్ళి ఉన్నాడట. నీళ్ళు తీశాక చూస్తే మట్టిళ్ళు ఉన్న చోట దిబ్బలు మిగిలాయని చెప్పి ఊరుకున్నాడు. ఇంకేమీ అడగలేకపోయాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలాంటి పల్లంలో మట్టి గోడ పెట్టమని నేను ఎవరికీ చెప్పను. మా వీధి మెరకలో ఉంది, నీరు నిలవదు. అయినా రెండడుగులు.

ఫిబ్రవరి 23

గోడ మొదలై వారమైంది. మొదటి రోజు జరిగింది రాయాలి.

గడ్డితో పాటు పీచు కూడా కొంత కలిపితే మూలల్లో పట్టు బాగుంటుందని మిర్చి యార్డు దగ్గర పాత గోతాలు ఓ కట్ట కొన్నాను. జనపనార మంచిది, చవక. వాటిని కత్తిరించి పీచు తీస్తుంటేనే ఇల్లంతా తుమ్ములు. గోతాల అల్లికలో కారం దుమ్ము ఏళ్ళ తరబడి ఇంకి ఉంది. నీళ్ళలో రెండు రాత్రులు నానబెట్టాను, రెండుసార్లు నీళ్ళు మార్చాను, సరిపోయిందనుకున్నాను. మట్టిలో వేసి ఇద్దరు కూలీలతో కలిసి నేనూ తొక్కడం మొదలుపెట్టాను. పావుగంటలో కాళ్ళు మంటలు. మడమల పగుళ్ళున్న ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా వల్ల ఆయనకి ఆ బాధ వచ్చిందని నాకు ఇప్పటికీ మనసులో ఉంది. నీళ్ళతో ఎంత కడిగినా మంట తగ్గలేదు.

అమ్మ నువ్వులనూనె తెచ్చి అందరి కాళ్ళకీ రాయించి, కుంకుడు రసంతో కడిగించింది. అప్పుడు చల్లబడ్డాయి. కారంలో మంట పుట్టించే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. వంట చేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతి నాకు గోతాల దగ్గర తట్టలేదు. మిగిలిన పీచంతా కుంకుడు రసంలో ఉడికించి, ఎండబెట్టి వాడాం. ఆ రోజు నుంచి తొక్కే వాళ్ళందరికీ రబ్బరు బూట్లు కొన్నాను. మిర్చి గోతాలు వాడదలచుకున్నవాళ్ళు ఈ ఒక్క పేరా చదివినా చాలు.

మిగతా పీచుల సంగతి కూడా చెప్పాలి. నాలుగు రకాలు వేసి నాలుగు ఇటుకలు చేసి తడిగుడ్డ కప్పి మూడు వారాలు ఉంచాను. కొల్లిపర నుంచి తెచ్చిన అరటి నార అందరికన్నా ముందు మెత్తబడి వాసన వేసింది, గుజ్జు సరిగా తీయలేదు కాబట్టి. కొబ్బరి పీచు చెక్కు చెదరలేదు, కానీ నున్నగా ఉండి మట్టిలో నుంచి లాగితే ఊడొస్తుంది. జనపనార సన్నగా పరుచుకుంటుంది, పైపూతకి దాన్ని మించింది లేదు. గోడ లోపలికి మాత్రం వరిగడ్డే. దానిలో సిలికా ఎక్కువ, మిగతా గడ్డి కన్నా నెమ్మదిగా కుళ్ళుతుంది. పైగా కోతలయ్యాక ఇక్కడ గడ్డివాములకి కొదవ లేదు.

పద్ధతి ఇది. మట్టిని రెండు రోజుల ముందే నీళ్ళు పోసి నానబెడతాం, గడ్డలు కరిగి వెన్నలా అయ్యేదాకా. తర్వాత పట్టా మీద ఇసుక, గ్రావెల్ పోసి, నల్లమట్టి పోసి తొక్కుతాం. పట్టా అంచు పట్టుకుని లాగి తిరగేసి మళ్ళీ తొక్కుతాం. గడ్డి ఆఖరున, కొంచెం కొంచెంగా చల్లుతాం. ముద్దలు చేసి చేతికందిస్తే పెద్దాయన గోడ మీద పెట్టి, కింది ముద్దలోకి వేళ్ళతో కుట్టినట్టు దిగ్గొడతాడు. రోజుకి ఒకటిన్నర అడుగు ఎత్తు లోపే ఒక వరస. అది గట్టిపడ్డాక తర్వాతిది. తొందరపడి రెండో వరస పెడితే కిందిది పొట్ట పెడుతుంది. ఉత్తరం గోడకి ఒకసారి అలాగే అయ్యింది, పారతో చెక్కి సరిచేశాం.

మార్చి 12

పొద్దున్నే అమ్మ పిలిచింది, "గోడ మొలకెత్తింది చూడు" అని. నిజంగానే తూర్పు గోడంతా పచ్చగా ఉంది. గడ్డిలో మిగిలిన వడ్లు తడికి మొలిచాయి. పక్కింటి పిల్లలు వరుసగా వచ్చి చూసిపోతున్నారు. పెద్దాయన మాత్రం వాటిని చూసి లోపల ఇంకా తడి ఉందని లెక్క కట్టాడు. అవి వాడిపోయాకే పైవరస పెడదామన్నాడు. ఐదో రోజుకి వాడిపోయాయి.

ద్వారబంధం పెట్టే చోటు మీద ఇంట్లో చర్చ జరిగింది. అన్నయ్యకి మూలకి దగ్గరగా కావాలని ఉంది. మట్టి కట్టడాలు భూకంపాన్ని తట్టుకోవడానికి భారత ప్రమాణాల సంస్థ 1993లో ఇచ్చిన ఐఎస్ 13827లో మూల నుంచి తలుపుకి కనీసం 1.2 మీటర్ల గోడ ఉండాలని, గోడ ఎత్తు మందానికి ఎనిమిది రెట్లు దాటకూడదని ఉంది. మా గోడ ఎత్తు ఏడు రెట్లు కూడా లేదు. తలుపు మధ్యకి వచ్చింది.

ఇంకో జాగ్రత్త. పెట్టెలో 60 సెంటీమీటర్లకి 9 మిల్లీమీటర్లు తగ్గిన మట్టి, 8 అడుగుల గోడలో అంగుళంన్నర దిగుతుంది. కొయ్య దిగదు. అందుకే ద్వారబంధం పైన, కిటికీ పైన రెండేసి అంగుళాల సందు వదిలి, అడ్డదూలాన్ని గోడ మీదే ఆనించాం. సందుని గోడ పూర్తిగా ఆరాక పూడ్చాలి.

ఏప్రిల్ 10

నిన్న సాయంత్రం జరిగింది తల్చుకుంటే ఇంకా గుండె దడగా ఉంది.

గోడలు ఎనిమిదడుగులూ లేచాయి, పైకప్పు లేదు. నాలుగున్నరకి ఆకాశం నల్లబడింది. గోడ మీద కప్పే పట్టాలు రెండు రోజుల కిందటే పక్క చేను రైతుకి ఇచ్చాను, కల్లంలో మిరపకాయలు ఆరబోసుకున్నాడు. గాలిదుమారం లేచేసరికి వీధి వీధంతా కల్లాల వైపు పరుగు. నేనూ అటే పరిగెత్తాను. ఏడాది పంట అది, నా గోడ రెండు నెలలది. పట్టా వెనక్కి అడగాలని నాకు అనిపించలేదు. కాయలు కుప్పచేసి కప్పేసరికి చినుకులు రాళ్ళలా పడుతున్నాయి.

నలభై నిమిషాల వాన. చీకట్లో టార్చి వేసి చూస్తే గోడ పక్కన బురద కాలువ కట్టింది. అమ్మ ఏమీ అనలేదు, టీ పెట్టి ఇచ్చింది.

పొద్దున్నే పెద్దాయనతో కలిసి కొలిచాను. పైన రెండంగుళాలు కొట్టుకుపోయింది. వాన కొట్టిన పడమటి ముఖం అరంగుళం లోతున కరిగింది, అంతే. ఎందుకు అక్కడితో ఆగిందో దగ్గరికెళ్తే తెలిసింది. మట్టి కరిగి పోయిన చోట గడ్డి పరకలు బయటపడి కిందికి వాలి ఉన్నాయి. నీరు వాటి మీదుగా జారిపోయింది, తాటాకు కప్పు మీద జారినట్టు. పక్కనే గడ్డి వెయ్యని పరీక్ష ఇటుకలు నాలుగు వదిలేశాను. అవి పొద్దునకి పలుచటి బురద.

పెద్దాయన ఆ పరకల్ని చేత్తో నిమురుతూ, "మా నాయన గడ్డి తక్కువైతే కేకలేసేవాడు, ఎందుకో అప్పుడు తెలియలా" అన్నాడు. నాకు ఈ పని మొత్తంలో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఏప్రిల్ 29

పైకప్పు అయిపోయింది. తాటి వాసాలు, పాత బెంగుళూరు పెంకులు, కింద తాటాకు చాపలు. చూరు రెండున్నర అడుగులు బయటికి. వడ్రంగులు మూడు రోజుల్లో ముగించారు. చూరు అంత ఎందుకని వాళ్ళు అడిగారు, ఏప్రిల్ 9 సంగతి చెప్పాను.

హిమాచల్‌ స్పితిలోని తాబో బౌద్ధ విహారం క్రీస్తుశకం 996 నాటిది, మట్టి గోడలు ఇప్పటికీ ఉన్నాయని చాలామంది ఉదాహరణగా చెబుతారు. కానీ అక్కడ వాన దాదాపు పడదు. మనకి పనికొచ్చే ఉదాహరణ ఇంగ్లండ్‌లోని డెవన్. అక్కడ ఏడాది పొడవునా జల్లులు పడతాయి, అయినా మట్టి, గడ్డి తొక్కి కట్టిన ఇళ్ళలో వందల ఏళ్ళుగా కాపురాలున్నాయి. రాతి పునాది ఎత్తుగా, చూరు పొడవుగా ఉంటే చాలునని వాటిని చూస్తే ధైర్యం వస్తుంది.

మే 18

అమ్మ మిషన్ లోపలికి చేరింది. పైపూత ఇంకా కాలేదు, ఆమె ఆగలేదు.

నాలుగు రోజులుగా రెండు థర్మామీటర్లు పెట్టి రాస్తున్నాను. మధ్యాహ్నం మూడింటికి బయట నీడలో 42, గదిలో 35. ఎదురింటి వాళ్ళ రేకుల షెడ్డులో అడిగి పెడితే 45. రాత్రి పదకొండింటికి లెక్క తిరగబడింది: బయట 31, గదిలో 33. పగలంతా గోడ తాగిన ఎండ రాత్రికి లోపలికి దిగుతోంది. అందుకని సాయంత్రం ఆరున్నర నుంచి తలుపూ కిటికీ తెరిచి, పొద్దున ఎనిమిదికి మూసేస్తున్నాం. అలా చేశాక పొద్దుటి అంకె 29కి వచ్చింది. రాత్రి పడుకోవడానికి ఈ గది మేడ మీద కన్నా మేలు కాదు. పగలు పని చేసుకోవడానికి దీనికి సాటి లేదు.

జూన్ 6

పూత ముగిసింది. మొదటి పొర: గోడ మట్టే, గడ్డి అంగుళం ముక్కలు, పేడ. పేడలోని సన్నటి పీచు, జిగురు కలిసి పూతని పట్టి ఉంచుతాయి. కలిపి పది రోజులు మాగనిచ్చాం. వాసన గట్టిగా వస్తుంది కానీ తాపీ మీద నుంచి జారే తీరు చూస్తే ఆ పది రోజులు వృథా కాదని తెలుస్తుంది. గోడ ముందు తడిపి, రెండు మిల్లీమీటర్లు పలుచగా మెత్తి, దాని మీద అసలు పూత. రెండో పొరలో జనపనార, సన్న ఇసుక. ఆరాక బయట గుల్లసున్నం మూడు చేతులు. కింద రాతి మీద అమ్మ జాజు పూసింది, వాళ్ళ ఊరింటి అరుగుకి పూసినట్టే. గోడకి సిమెంటు పూత వెయ్యమని ఇద్దరు సలహా ఇచ్చారు. వెయ్యను. లోపలికి చేరిన తడిని సిమెంటు బయటికి రానివ్వదు, మట్టి లోలోపల మెత్తబడి పూత మొత్తం ఊడొస్తుంది.

జూన్ 27

రాత్రంతా వాన. తెల్లారగానే చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి నాలుగు గోడలూ చేత్తో తడిమాను. మూడు పొడిగా ఉన్నాయి. పడమటి గోడ కింద, రాయి పైన నాలుగంగుళాల మేర సున్నం మెత్తబడింది. చూరు నుంచి పడే నీళ్ళు నేల మీద చిట్లి అక్కడికి ఎగురుతున్నాయి. చూరు కింద రెండడుగుల పట్టీ తవ్వి కంకర పోస్తే చిట్లడం తగ్గుతుంది. కంకర ఒక ఆటోకి చెప్పాను. ఆ నాలుగంగుళాలు గీకి మళ్ళీ పుయ్యడానికి సగం తొట్టి మట్టి, గోతం పీచు నానబెట్టి వచ్చాను. పెద్దాయన ఆదివారం వస్తానన్నాడు.